మన సీమ రోడ్లకు బైక్ టైరు: ముందుది పట్టుకి, వెనకది మన్నికకి

టైరు అరిగిపోయి షాపుకి వెళ్లినప్పుడు చాలామంది అడిగే మొదటి మాట, "అన్నా, ఎక్కువ కిలోమీటర్లు వచ్చేది ఏదుంది?" షాపాయన అడిగినదానికే జవాబు చెప్తాడు. గట్టి రబ్బరుతో చేసిన టైరు ఒకటి తీసి చూపిస్తాడు, ముందుకీ వెనక్కీ అదే ఎక్కించుకుని వచ్చేస్తారు. ఎండాకాలమంతా ఏ ఇబ్బందీ ఉండదు. ఆ తర్వాత ఎప్పుడో మొదటి వాన పడిన సాయంత్రం, కర్నూలు బళ్లారి చౌరస్తా దగ్గర ముందున్న ఆటో ఉన్నట్టుండి ఆగుతుంది, బ్రేక్ పట్టగానే ముందు చక్రం పక్కకి జారుతుంది, ఏం జరిగిందో అర్థమయ్యేలోపు మనిషి కింద ఉంటాడు. టైరులో లోపమేమీ లేదు. వెనక చక్రానికి పెట్టాల్సినదాన్ని ముందు పెట్టారు, అంతే.

కర్నూలు, అనంతపురం, కడప వైపు రోజూ బండి నడిపేవాళ్లకి నేను చెప్పేది ఒకటే: రెండు టైర్లకీ ఒకే లెక్క వేయకండి. ముందు టైరు కొనేటప్పుడు పట్టు చూడండి, వెనక టైరు కొనేటప్పుడు మన్నిక చూడండి, రెండింటిలోనూ గాలి సరిగ్గా ఉంచండి. ఎందుకలాగో, షాపులో ఏమేం చూసుకోవాలో వివరంగా రాస్తున్నాను.

పట్టూ మన్నికా ఎందుకు కలిసి రావు

తారు రోడ్డు ఎంత నున్నగా కనిపించినా వంగి దగ్గరగా చూస్తే కంకర ముక్కల మధ్య చిన్న చిన్న ఎత్తుపల్లాలు కనిపిస్తాయి. మెత్తటి రబ్బరు ఆ పల్లాల్లోకి దిగి పట్టుకుంటుంది, గట్టి రబ్బరు పైపైనే ఆగిపోతుంది. అలా దిగి, నలిగి, మళ్లీ లేచేటప్పుడే రబ్బరు వేడెక్కుతుంది, కొద్దికొద్దిగా అరుగుతుంది కూడా. అంటే మనకి పట్టు ఇచ్చే పనే టైరుని అరగదీస్తుంది. అందుకే ఒకే టైరులో పట్టూ పూర్తిగా, మన్నికా పూర్తిగా రావడం కుదరదు, ఎంతో కొంత ఒకదాన్ని వదులుకోవాల్సిందే.

కంపెనీలు ఈ గొడవని కొంత తగ్గించడానికి రెండు దారులు పట్టాయి. ఒకటి రబ్బరు మిశ్రమంలో మామూలుగా వేసే కార్బన్ బ్లాక్ (నల్లటి మసి పొడి)తో పాటు సిలికా (ఇసుకలో ఉండే పదార్థం) కలపడం. దీనివల్ల తడి రోడ్డు మీద పట్టు పెరుగుతుంది, దానికోసం రబ్బరుని మరీ మెత్తగా చేయాల్సిన పని ఉండదు. రెండోది డ్యుయల్ కాంపౌండ్, అంటే టైరు మధ్య భాగంలో గట్టి రబ్బరు, రెండు అంచుల్లో మెత్తటి రబ్బరు. తిన్నగా పోయేటప్పుడు మధ్య భాగం అరుగుతుంది కాబట్టి అక్కడ గట్టిది, మలుపులో బండి వంగినప్పుడు పట్టు కావాలి కాబట్టి అక్కడ మెత్తది. ఇది ఎక్కువగా పెద్ద బండ్ల వెనక టైర్లలో వస్తుంది, 100 సీసీ బండి సైజుల్లో దొరకడం కష్టం. దొరికితే కొంచెం ఎక్కువ పెట్టినా తీసుకోవచ్చు.

ఇక మన ఎండ సంగతి. మే నెలలో మధ్యాహ్నం తారు మీద చెయ్యి పెట్టలేం, ఆ వేడికి గట్టి రబ్బరు కూడా మెత్తబడి బాగానే పట్టుకుంటుంది. అందువల్ల గట్టి టైరు బలహీనత మనకి ఏడాదిలో ఎక్కువ రోజులు కనిపించదు. అనంతపురం దేశంలోనే బాగా తక్కువ వాన పడే జిల్లాల్లో ఒకటి, ఇక్కడ తడి రోడ్డు గురించి ఆలోచించి టైరు కొనేవాళ్లు చాలా అరుదు. కానీ వాన తక్కువ కాబట్టే మన దగ్గర తొలి చినుకు ప్రమాదం. నెలల తరబడి రోడ్డు మీద పేరుకున్న దుమ్ము, ఇంజన్ ఆయిలు, లారీల నుంచి కారిన డీజిలు అన్నీ ఆ పది నిమిషాల చినుకులకి పైకి తేలతాయి. గట్టిగా కురిస్తే కడుక్కుపోతాయి, ఊరికే తుంపర పడి ఆగిపోతేనే అసలు ఇబ్బంది.

బేతంచెర్ల, కొలిమిగుండ్ల, తాడిపత్రి వైపు తిరిగేవాళ్లకి ఇంకోటి కూడా ఉంది. అక్కడ బండల పాలిష్ ఫ్యాక్టరీలు, వాటి చుట్టూ రోడ్డంతా తెల్లటి రాతి పొడి. ట్రాక్టర్ల నుంచి కారే బురద ఎండి రోడ్డుకి పూతలాగా అంటుకుని ఉంటుంది. ఎండలో దాని మీద దుమ్ము లేస్తుందే తప్ప పెద్దగా జారదు, నాలుగు చినుకులు పడ్డాయంటే మాత్రం గచ్చు మీద సబ్బు నీళ్లు పోసినట్టే. అనుమానం ఉంటే బండి పక్కన ఆపి చెప్పుతో ఒకసారి రోడ్డు మీద రాసి చూడండి, చెప్పు కింద తెల్లటి ముద్ద వస్తే ఆ దారిలో ముందు బ్రేక్ వేలితో మెల్లగా పట్టాలి, ఇద్దరు ఎక్కి ఉంటే ఇంకా మెల్లగా. ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీల దగ్గర కూడా లారీలు తిరిగే దారుల్లో ఇదే జాగ్రత్త పాటించండి.

ముందు టైరు దగ్గర పొదుపు వద్దు

బ్రేక్ పట్టినప్పుడు బండి బరువంతా ముందుకి వాలుతుంది, వెనక చక్రం తేలికైపోతుంది. బండిని ఆపే పనిలో పెద్ద వాటా ముందు టైరుదే. వెనక చక్రం జారితే తోక ఊగుతుంది, మనకి తెలుస్తుంది, బ్రేక్ వదిలితే చాలాసార్లు సర్దుకుంటుంది. ముందు చక్రం జారితే సర్దుకునే టైమే ఉండదు. ఏబీఎస్ ఉంది కదా అని ధీమాగా ఉండేవాళ్లు కొందరు. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన బండ్లకి ఏబీఎస్, అంతకంటే చిన్నవాటికి కనీసం సీబీఎస్ (ఒక బ్రేక్ పట్టితే రెండు చక్రాలకీ పడే ఏర్పాటు) తప్పనిసరి అయ్యాయి, మంచిదే. కానీ ఏబీఎస్ చేసేది చక్రం బిగుసుకుపోకుండా చూడటం వరకే, టైరుకి లేని పట్టుని అది ఎక్కడి నుంచీ తేలేదు.

ఇక్కడ మనకి కలిసొచ్చే విషయం ఒకటుంది. ముందు టైరు మెల్లగా అరుగుతుంది. ఇంజన్ తోసేది వెనక చక్రాన్ని, వెనక కూర్చున్న మనిషి బరువు, పాల క్యాన్లు, శనక్కాయ మూటలు అన్నీ మోసేది అదే, అందుకే వెనకది ముందుగా పోతుంది. చాలా బండ్లలో వెనక రెండు టైర్లు మార్చేలోపు ముందు ఒక్కటి మారుస్తాం. కాబట్టి ముందు మెత్తటి టైరు వేసినా అది తొందరగా అరిగి మన జేబుకి పెద్దగా చిల్లు పెట్టేది ఏమీ ఉండదు.

లెక్క వేసి చూడండి. ధరలు ఊరినీ సైజునీ బట్టి మారతాయి కాబట్టి ఊహకి అంకెలు పెట్టుకుందాం. గట్టి టైరు 1,800 రూపాయలు, 30,000 కిలోమీటర్లు వస్తుంది అనుకుంటే కిలోమీటరుకి 6 పైసలు. పట్టు బాగుండే టైరు 2,200 రూపాయలు, 20,000 మాత్రమే వస్తుంది అనుకుంటే కిలోమీటరుకి 11 పైసలు. తేడా 5 పైసలు. ఏడాదికి 10,000 కిలోమీటర్లు తిరిగినా 500 రూపాయలు. లీటరుకి 50 కిలోమీటర్లు ఇచ్చే బండికి పెట్రోలే కిలోమీటరుకి రెండు రూపాయల పైన అవుతున్నప్పుడు ఈ 5 పైసల కోసం ముందు టైరులో పట్టు వదులుకోవడం నాకు అసలు అర్థం కాదు. ఒక్కసారి కింద పడితే హ్యాండిల్, హెడ్‌లైటు, ఫుట్‌రెస్టుకే అంతకి ఎన్నో రెట్లు పోతుంది, చెయ్యి విరిగితే ఆ ఖర్చు చెప్పనే అక్కర్లేదు.

అలాగని వెనకది ఎంత గట్టిగా ఉన్నా ఫర్వాలేదు అనుకోకండి. పేరు తెలియని చవక టైర్లు కొన్ని మరీ గట్టిగా ఉంటాయి, తడిలో వెనక బ్రేక్ తాకిస్తే చాలు అడ్డంగా తిరిగిపోతాయి. వెనక్కి మంచి కంపెనీలో మైలేజీ కోసం చేసిన మోడల్ తీసుకోవాలి, అంతవరకే. ఎంఆర్ఎఫ్, సియట్, టీవీఎస్ యూరోగ్రిప్, అపోలో, మిషెలిన్, ఏ కంపెనీ తీసుకున్నా మన్నిక కోసం ఒక మోడల్, పట్టు కోసం ఇంకో మోడల్ అంటూ వేరువేరుగా ఉంటాయి. ఉదాహరణకు సియట్‌లో మైలేజ్ అనే మోడల్ పేరులోనే దాని పని ఉంది, జూమ్ అనే ఇంకో మోడల్ సంగతి వేరు. "ఎంఆర్ఎఫ్ మంచిదా, సియట్ మంచిదా" అని అడిగితే జవాబు ఉండదు, "ఇందులో తడిలో బాగా ఆగే మోడల్ ఏది, మన్నే మోడల్ ఏది" అని అడగాలి. ముందొకటి వెనకొకటి వేరే మోడల్ వేసినా మామూలు బండ్లకి ఇబ్బంది లేదు. కాకపోతే రేడియల్ (లోపలి దారాలు ఒక అంచు నుంచి ఇంకో అంచుకి తిన్నగా అడ్డంగా వేసిన టైరు), నాన్ రేడియల్ విషయంలో మాత్రం కంపెనీ ఏ చక్రానికి ఏది ఇచ్చిందో అదే ఉంచండి. యమహా ఎఫ్‌జీ లాంటి బండ్లలో వెనకది మాత్రమే రేడియల్ వస్తుంది, దాన్ని తీసి వేరే రకం పెట్టడం వద్దు.

మీరు ఎక్కువగా తిరిగే దారి ఏది

44వ నంబరు జాతీయ రహదారి మీద కర్నూలు నుంచి డోన్, గుత్తి మీదుగా అనంతపురం దాకా తిరిగేవాళ్ల వెనక టైరు ఒకసారి చూడండి. మధ్యలో చదునుగా అరిగిపోయి అంచులు కొత్తవాటిలా నిలబడి ఉంటాయి. గంటల తరబడి తిన్నగా పోవడం వల్ల గుండ్రంగా ఉండాల్సిన టైరు పలకగా మారుతుంది. అలాంటి టైరుతో మలుపు తిరిగితే బండి మొదట వంగనంటుంది, ఆ తర్వాత ఒక్కసారిగా వాలిపోతుంది. ఇలా హైవే మీదే ఎక్కువ ఉండేవాళ్లు వెనక్కి మధ్యలో గట్టిగా ఉండే టైరో, డ్యుయల్ కాంపౌండో చూసుకోవాలి. మధ్య భాగంలో రబ్బరు ఎక్కువ ఉండి, గాడులు తక్కువగా ఉన్న డిజైన్ అయితే ఇంకా మేలు.

కడప నుంచి రాయచోటి పోయే గువ్వలచెరువు ఘాట్ గానీ, ఆత్మకూరు, దోర్నాల మీదుగా శ్రీశైలం పోయే నల్లమల ఘాట్ గానీ తరచుగా ఎక్కి దిగేవాళ్ల లెక్క వేరు. దిగేటప్పుడు ముందు టైరు మీద భారం పెరుగుతుంది, మలుపుల్లో లారీల ట్యాంకుల నుంచి చిందిన డీజిలు ఉంటుంది, నల్లమలలో పొద్దున్నే చెట్ల నీడలో రోడ్డు తడి ఆరదు. ఇలాంటివాళ్లు వెనకదాంట్లో కూడా కొంత మన్నిక వదులుకుని అంచుల్లో పట్టు బాగుండే టైరు తీసుకోవాలి. ఏడాదికొకసారి శివరాత్రికి పోయొచ్చేవాళ్లు దీని కోసం టైరు మార్చాల్సిన పని లేదు, ఉన్న టైరుని చూసుకుని, గాలి సరిచేసుకుని, నిదానంగా దిగితే చాలు.

పొలం దారులు ఇంకో రకం. అనంతపురం వైపు ఎర్ర గరుసు మీద సన్నటి రాళ్లు చక్రం కింద దొర్లుతాయి, అక్కడ టైరు అంచుల్లో గుళ్లు గుళ్లుగా విడిగా ఉండే డిజైన్ పట్టుకుంటుంది. ఆదోని, నంద్యాల వైపు నల్లరేగడిలో వాన పడ్డాక ఏ టైరుకైనా కష్టమే, మట్టి గాడుల్లో ఇరుక్కుని మడ్‌గార్డు దాకా నిండి చక్రం తిరగనివ్వదు. గాడుల మధ్య ఎడం ఎక్కువ ఉన్న టైరు ఆ మట్టిని కొంతవరకు విదిల్చుకుంటుంది, సన్నటి గాడులున్నది నిమిషంలో నున్నగా అయిపోతుంది. ఇలా అంటే కొందరు వెంటనే బటన్ టైర్లు (విడివిడి దిమ్మెలు పైకి లేచి ఉండేవి) వేయించేస్తారు. తారు మీద ఆ బటన్లు ఒక్కొక్కటీ వంగుతూ తొందరగా అరుగుతాయి, రోడ్డుకి తగిలే రబ్బరు తక్కువ కాబట్టి బ్రేక్ దూరం పెరుగుతుంది, హైవే మీద గోల కూడా ఎక్కువ. మీ తిరుగుడులో సగమైనా మట్టి దారి ఉంటేనే వాటి జోలికి వెళ్లండి.

తారు రోడ్డు పొడిగా ఉన్నప్పుడు డిజైన్ వల్ల పట్టు రాదు, రబ్బరు వల్లే వస్తుంది. రేసు బండ్లకి గాడులే లేని టైర్లు వేసేది అందుకే. గాడులు ఉన్నది నీళ్లని బయటికి తోయడానికి, మట్టిలో అంచులతో పట్టుకోవడానికి. కాబట్టి షాపులో డిజైన్ అందంగా ఉందని కాకుండా, ముందు టైరుకి నీళ్లు మధ్య నుంచి పక్కలకి పోయే దారి ఉందా లేదా అన్నది చూడండి.

టైరు పక్కన రాసినది చదవండి

షాపులో టైరు చేతికి ఇవ్వగానే ఫోన్ టార్చ్ వేసి పక్క గోడ మీద ఏం రాసి ఉందో చదవండి. స్ప్లెండర్ ముందు టైరు మీద 80/100-18, 47పి అని ఉంటుంది. 80 అంటే వెడల్పు మిల్లీమీటర్లలో, 100 అంటే ఆ వెడల్పులో నూటికి నూరు వంతుల ఎత్తు, 18 అంటే రిమ్ము ఎన్ని అంగుళాలో. 47 అనేది బరువు కోడ్, 175 కిలోలు మోయగలదని అర్థం. పి అంటే గంటకి 150 కిలోమీటర్ల వేగం వరకు పనికొస్తుంది. అదే బండి వెనక్కి 54 ఉంటుంది, అంటే 212 కిలోలు. పల్సర్ 150 వెనక 100/90-17 టైరుకి 55, అంటే 218 కిలోలు. ఈ బరువు కోడ్‌ని ఎవరూ చూడరు, మన దగ్గర మాత్రం తప్పకుండా చూడాలి, ఎందుకంటే సీమలో బైక్ అంటే ఇద్దరు మనుషులు, మధ్యలో పిల్ల, ట్యాంకు మీద ఎరువుల సంచి. కంపెనీ ఇచ్చిన అంకె కంటే తక్కువది వెనక్కి ఎప్పుడూ వేయించుకోవద్దు. ముందు వేసే టైరుని వెనక్కి ఎక్కించే పని అందుకే వద్దనేది. పాత బండ్లలో 2.75-18 లాంటి అంగుళాల సైజు కనబడుతుంది, దానికి సరిపోయే కొత్త సైజు షాపువాళ్లకి తెలుసు.

తర్వాత చూడాల్సింది తయారైన తేదీ. ఒక చిన్న కోడిగుడ్డు ఆకారపు గడిలో నాలుగు అంకెలు ఉంటాయి. 3524 అని ఉంటే 2024లో 35వ వారం, అంటే ఆగస్టు చివర. షాపు బయట ఎండలో వేలాడదీసిన టైరుని ఎంత తగ్గించి ఇచ్చినా తీసుకోకండి, ఎండకి రబ్బరులో నూనెలు ఎగిరిపోయి గట్టిపడుతుంది. లోపల నీడలో ఉంచిన, ఏడాది లోపు తయారైన టైరు అడగండి, "స్టాకు అదే ఉంది" అంటే ఇంకో షాపు చూసుకోండి.

రెండు మోడళ్లు పక్కపక్కన పెట్టి అంచు భాగంలో బొటనవేలి గోటితో గట్టిగా నొక్కండి. మెత్తటిదాంట్లో గోరు కొంచెం దిగి గీత కాసేపు ఉంటుంది, గట్టిదాంట్లో గోరే వంగుతుంది. ఇది ల్యాబ్ పరీక్ష కాదు గానీ, ఒకే కంపెనీ మోడళ్లలో తేడా పట్టుకోవడానికి సరిపోతుంది. నొక్కేటప్పుడు రెండూ నీడలో ఉన్నవే అయి ఉండాలి.

పక్క గోడ మీద బాణం గుర్తు ఉంటుంది, చక్రం ముందుకి తిరిగే వైపు ఆ బాణం ఉండాలి. తొందరలో తిరగేసి బిగించడం కొత్తేమీ కాదు, బిగించే ముందే చూపించండి.

ఇక బిగించే కుర్రాడి మాట ఒకటి ఉంటుంది: "అన్నా, వెనక ఒక సైజు లావుది వేద్దామా, బండి లుక్కే మారిపోతాది." వద్దు తమ్ముడూ అని చెప్పేయండి. రిమ్ము వెడల్పు అదే ఉండి టైరు లావు పెరిగితే అంచులు లోపలికి నొక్కుకుని టైరు ఆకారం కోసుగా అవుతుంది, తారుకి తగిలే భాగం మీరు అనుకున్నంత పెరగదు. బండి మలుపు తిరగడానికి బరువెక్కుతుంది, పెట్రోలు ఎక్కువ తాగుతుంది, కొన్ని బండ్లలో చైన్ కవర్‌కి రాసుకుంటుంది. కంపెనీ సైజే వేయించండి.

గాలి

మంచి టైరు తెచ్చి గాలి చూసుకోకపోతే పెట్టిన డబ్బు దండగే. గాలి తక్కువైతే టైరు పక్కలు ఎక్కువ నలుగుతాయి, లోపల వేడి పెరుగుతుంది, అంచులు ముందుగా పోతాయి, పైగా మన ఎండ ఎలాగూ ఉంది. ఎక్కువైతే మధ్య భాగం మాత్రమే రోడ్డుకి తగిలి అక్కడే అరిగిపోతుంది, పట్టు కూడా తగ్గుతుంది. ఎంత పట్టించాలో చైన్ కవర్ మీదో, స్వింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టి ఉంచే కడ్డీ) మీదో స్టిక్కర్ ఉంటుంది, బండితో ఇచ్చిన పుస్తకంలోనూ ఉంటుంది. 100, 125 సీసీ బండ్లలో ముందు 25 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) చుట్టుపక్కల, వెనక ఒక్కరే అయితే 28 నుంచి 30, ఇద్దరైతే అంతకంటే కొన్ని పాయింట్లు ఎక్కువ చెప్తారు. మీ బండికి ఏముందో అదే ఖాయం, పంచర్ షాపులో "అన్ని బండ్లకీ ఇంతే" అని పట్టించే అంకె కాదు.

గాలి చూడాల్సింది పొద్దున, బండి ఎక్కకముందు. మధ్యాహ్నం ఎండలో గుత్తి దాకా పోయి ఆపి చూస్తే టైరు వేడికి అంకె ఎక్కువ చూపిస్తుంది. లోపలి గాలి 10 డిగ్రీలు వేడెక్కితే ఒకటి, ఒకటిన్నర పీఎస్ఐ పెరుగుతుంది. అది చూసి గాలి తీసేస్తే, సాయంత్రం చల్లబడ్డాక తక్కువైపోతుంది. ఎండాకాలం కదా అని ముందే రెండు పాయింట్లు తగ్గించి పట్టించే అలవాటు చాలామందికి ఉంది, అది తప్పు. తగ్గిస్తే టైరు ఇంకా నలిగి ఇంకా వేడెక్కుతుంది. చేతి గేజి ఒకటి కొని బండి డిక్కీలోనో ఇంట్లోనో పెట్టుకోండి, పదిహేను రోజులకోసారి రెండు నిమిషాల పని. నైట్రోజన్ పట్టించమని అడుగుతారు, మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది, దానికి వేరే డబ్బులు పెట్టాల్సినంత అవసరం మన బండ్లకి లేదు.

ముళ్లు, ట్యూబ్‌లెస్

కంప చెట్లు ఉన్న ఊళ్లలో పంచర్ తప్పదు. అల్లాయ్ చక్రాలు ట్యూబ్‌లెస్‌కి సరిపడేవైతే ట్యూబ్‌లెస్ వేయించుకోండి, రెండో ఆలోచన అక్కర్లేదు. ట్యూబ్ టైరులో ముల్లు దిగితే గాలి ఒక్కసారిగా పోయి, అది ముందు చక్రమైతే బండి చేతిలో ఉండదు. ట్యూబ్‌లెస్‌లో ముల్లు దిగబడిన చోటే ఉండిపోతే గాలి మెల్లగా పోతుంది, దగ్గర్లోని ఊరు దాకా పోవచ్చు. మామూలు స్పోక్స్ చక్రానికి మాత్రం ట్యూబ్‌లెస్ టైరు వేసినా లోపల ట్యూబ్ ఉండాల్సిందే, స్పోక్స్ రంధ్రాల నుంచి గాలి పోతుంది.

పొలం నుంచి వచ్చాక సెంటర్ స్టాండ్ వేసి వెనక చక్రం మెల్లగా తిప్పుతూ చూడండి. కంప ముల్లు విరిగి లోపలే ఉంటే గాడు పక్కన ఆవగింజంత గోధుమ రంగు చుక్క కనిపిస్తుంది, అంతకంటే ఏమీ ఉండదు. దాని మీద కొంచెం ఉమ్ము గానీ నీళ్లు గానీ రాస్తే బుడగ వస్తుంది. బుడగ రాకపోతే చాలాసార్లు ముల్లు ఇంకా లోపలికి దిగి ఉండదు, పట్టకారుతో పీకేయండి. వస్తే మాత్రం దారిలో పీకకండి, పంచర్ షాపు దాకా అలాగే పోనివ్వండి. షాపులో తాడు దూర్చి అతికించడం కంటే టైరు విప్పి లోపలి నుంచి పుట్టగొడుగు ఆకారపు ప్యాచ్ వేయించడం మంచిది, ముఖ్యంగా ముందు టైరుకి. పక్క గోడలో పంచర్ అయితే ఏ ప్యాచూ నమ్మదగినది కాదు, టైరు మార్చాల్సిందే.

ఎప్పుడు మార్చాలి

గాడుల అడుగున చిన్న చిన్న ఎత్తు గడ్డలు ఉంటాయి, వాటి దగ్గర టైరు పక్కన టీ, డబ్ల్యూ, ఐ అనే మూడు ఇంగ్లీషు అక్షరాలో, చిన్న త్రికోణమో ఉంటుంది. పైభాగం అరిగి ఆ గడ్డలతో సమానమైతే టైరు పని అయిపోయినట్టు. మోటారు వాహన నిబంధనల ప్రకారం బైకుకి గాడు లోతు 0.8 మిల్లీమీటర్లకి తగ్గకూడదు. అంతదాకా ఆగకుండా వానల ముందే మార్చేయడం నా మాట. జూన్‌లో నైరుతి వానలు, అక్టోబర్‌లో ఈశాన్య వానలు మనకి రెండూ ఉన్నాయి, మే నెలాఖరులో ఒకసారి టైర్లు చూసుకుంటే ఏడాదికి సరిపోతుంది. గాడులు ఇంకా ఉన్నా గాడుల అడుగున, పక్క గోడ మీద వెంట్రుక వాసి పగుళ్లు వచ్చాయంటే ఎండకి రబ్బరు చచ్చిపోయినట్టే. తక్కువ తిరిగే బండ్లలో ఇదే ఎక్కువ, ఇంటి ముందు ఎండలో నిలబెట్టిన నాన్నగారి పాత బండి టైర్లకి గాడులు నిండుగా ఉంటాయి, పట్టు మాత్రం ఉండదు. తయారై ఐదేళ్లు దాటితే ప్రతి ఏడాదీ జాగ్రత్తగా చూపించండి. రీట్రెడ్ చేసిన (అరిగినదాని మీద కొత్త రబ్బరు అతికించిన) టైరు బైకుకి, ముఖ్యంగా ముందు చక్రానికి, అసలు వద్దు.

టైరు మార్చేటప్పుడే ట్యూబ్ కూడా కొత్తది వేయించండి, ట్యూబ్‌లెస్ అయితే నాజిల్ మార్పించండి, వందలోపు అయ్యే పనే. పాత నాజిల్ రబ్బరు ఎండకి పగిలి ఉంటే కొత్త టైరు ఎంత మంచిదైనా గాలి నిలవదు. బిగించాక రిమ్ము చుట్టూ టైరు అంచున ఉండే సన్నటి గీత అన్ని చోట్లా ఒకే దూరంలో ఉందో లేదో చక్రం తిప్పి చూడండి, ఒక చోట లోపలికి ఉంటే టైరు సరిగ్గా కూర్చోలేదు, గాలి తీసి సబ్బు నీళ్లు రాసి మళ్లీ పట్టించమనండి. వెనక చక్రం బిగించేటప్పుడు చైన్ అడ్జస్టర్ గీతలు రెండు వైపులా సమానంగా ఉండాలి, తేడా ఉంటే చక్రం వంకరగా తిరిగి కొత్త టైరు ఒక పక్కే అరగడం మొదలవుతుంది.

కొత్త టైరు పైన అచ్చులోంచి వచ్చిన నున్నటి పొర ఉంటుంది, మొదటి 150 కిలోమీటర్లు పట్టు తక్కువగా ఉంటుంది. షాపు బయట మలుపులోనే పడిపోయేవాళ్లు ఇందుకే పడతారు. ఆ కాస్త దూరం మెల్లగా పోతూ, బ్రేక్ ముందుగానే పట్టుకుంటూ, మలుపుల్లో ప్రతిసారీ ఇంకొంచెం ఎక్కువ వంచుతూ పోతే అంచుల దాకా పొర పోతుంది. రుద్దడానికి పెట్రోలు, డీజిలు వాడకండి, నునుపు పోయేది రోడ్డు మీదే. వారం తర్వాత పొద్దున ఇంకోసారి గాలి చూడండి, కొత్త టైరు కొంచెం సాగి గాలి కాస్త తగ్గి ఉండొచ్చు, స్టిక్కర్‌లో ఉన్నంతకి నింపుకోండి.